సాంపిల్ ఫ్లాట్‌లో ఇంటివాళ్ళు

ఇంటీరియర్ డిజైన్ డిప్లొమాలో చేరిన మొదటి వారంలో మా టీచరు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి, మీ ఇల్లు ఏ స్టైల్ అని అడిగింది. ఒకమ్మాయి మోడర్న్ అంది. ఇంకొకతను ట్రెడిషనల్ అన్నాడు. నా వంతు వచ్చేసరికి బోరబండలోని మా రెండు గదుల ఇల్లు కళ్ళ ముందు తిరిగింది. ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనప కుర్చీలు, మడత మంచం, సూట్‌కేసులు ఎక్కించిన బీరువా, టీవీ మీద మా అమ్మ క్రోషియాతో అల్లిన తెల్లగుడ్డ, ఎవరూ తాగని కప్పులు దాచిన షోకేసు, గోడకు చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండర్. "మాది ఏ స్టైలూ కాదు మేడమ్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఆ కుర్చీల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎందుకు కూర్చుంటారో కనుక్కుని రా. స్టైల్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

ఇంటికెళ్ళి అమ్మను అడిగాను. అమ్మ సర్కారు దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చునే కుర్చీ కిటికీ పక్కది. నాన్నది తలుపు పక్కది, బీడీ పొగ బయటికి పోవాలి కాబట్టి. "గిసుంటివి గూడ సదువుల చెప్తున్నరా?" అని అమ్మ ముక్కున వేలేసుకుంది.

ఆ తర్వాత స్టైళ్ళ పేర్లన్నీ నేర్చుకున్నాను. కలోనియల్ అంటే ముదురు రంగు కర్ర, నాలుగు స్తంభాల మంచం, వీపుకు గాలి తగిలేలా పేము అల్లిన కుర్చీ. మన ఎండకు తట్టుకోలేని దొరలు నీడ వెతుక్కున్న పద్ధతి అది. స్కాండినేవియన్ అంటే లేత కర్ర, తెల్ల గోడలు, తక్కువ సామాను. పొద్దు తొందరగా గూకే దేశాల్లో ఉన్న కాస్త వెలుతురునూ దాచుకున్న పద్ధతి. దక్కనీ అంటే తఖ్తు అనే వెడల్పాటి కర్రబల్ల, దాని మీద తెల్ల దుప్పటి, ఆనుకోవడానికి గుండ్రటి బాలీసులు. పని తొందర లేని మనిషి సాయంత్రం నలుగురితో కూర్చునే చోటు. ఏ కుర్చీ చూసినా అందులో కూర్చునే మనిషిని ముందు ఊహించుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు వల్లే ఉద్యోగం బాగా చేశాను. ఒక మధ్యాహ్నం ఒళ్ళు జలదరించేంత భయపడిందీ ఆ అలవాటు వల్లే.

నా ఉద్యోగం కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక చిన్న ఆఫీసులో. మా సారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వడ్రంగుల దగ్గర్నుంచి టీ తెచ్చే అతని దాకా అందరినీ అండీ అనే పిలిచేవాడు. మణికొండలో ఒక బిల్డరు కడుతున్న టవర్‌లో, తొమ్మిదో అంతస్తులోని ఫ్లాటొకటి అలంకరించే పని మాకొచ్చింది. కొనడానికి వచ్చేవాళ్ళకు చూపించడానికి మిగతా వాటికంటే ముందే పూర్తిచేసి, సామాన్లతో సహా సర్ది ఉంచే ఫ్లాట్ అది. సాంపిల్ ఫ్లాట్ అంటారు. గదికొక స్టైల్ చొప్పున చేద్దామన్నాడు సారు. చూసినవాళ్ళు తమకేది నచ్చుతుందో అక్కడే తేల్చుకుంటారని.

"ఒక్క మాటండీ" అన్నాడు నన్ను పంపేముందు. "ఇంట్లో మనుషులున్నట్టుండాలి. గుమ్మంలోకొచ్చినోళ్ళు, లోపల ఎవరో ఉన్నారేమో, పిలిచి వెళ్దామా అని కాస్త ఆగాలి. ఆగారంటే మన పని అయినట్టేనండీ."

హాలు మోడర్న్ చేశాను. నేలకు దగ్గరగా ఉండే బూడిద రంగు సోఫా, దాని చేతి మీద ఎవరో ఇప్పుడే తీసి వేసినట్టు ఒక శాలువా. భోజనాల చోట కేరళ పద్ధతిలో బరువైన టేకు బల్ల, మధ్యలో ఉరళి అనే వెడల్పాటి ఇత్తడి గిన్నె, మూడు ప్లేట్లు, పక్కన మడిచిన రుమాళ్ళు. పెద్ద పడకగది కలోనియల్. రాసుకునే బల్ల మీద తెరిచిన పుస్తకం, పుస్తకం మీద కళ్ళజోడు. చిన్న గది స్కాండినేవియన్. పొట్టి మంచం, దాని కింద ఎర్ర పట్టీల చిన్న చెప్పులు, కిటికీ పక్కన పాప చదువుకునే బల్ల. ప్లగ్గు కుడివైపు ఉండటంతో దీపం అటు పెట్టి, రంగు పెన్సిళ్ళ డబ్బా ఎడమవైపుకు జరిపాను. బాల్కనీ పక్కన దక్కనీ తఖ్తు.

గోడలకు ఫొటోలు కావాలి. ఫ్రేములు బేగంబజార్‌లో కొన్నాం. కొత్త ఫ్రేముల్లో నమూనాగా ఏవో కాగితం ఫొటోలు పెట్టి అమ్ముతారు కదా, మేం కొన్న వాటన్నింట్లోనూ ఒకటే కుటుంబం. భర్త, భార్య, ఆరేడేళ్ళ పాప. సముద్రం ఒడ్డున, పార్కులో, కేకు ముందు. ఏ ఊరివాళ్ళో చెప్పలేని ముఖాలు. వాటిని తీసి వేరేవి పెట్టే తీరిక లేక అలాగే తగిలించేశాను. గది గదికీ వాళ్ళే. పని ముగించి తలుపు వేస్తుంటే నాకు తెలియకుండానే "వెళ్ళొస్తా" అన్నాను, లోపలికి చూస్తూ. ఆ మాట బయటికి వినిపించాక నవ్వు రాలేదు. తాళం వేసి గబగబా లిఫ్టు దగ్గరికి నడిచాను.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపులో ఉంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. నేను తెలంగాణ రావాలని గట్టిగా కోరుకున్నదాన్ని. సారుకు ఆ సంగతి తెలుసు. సారు మనసులో ఏముందో నాకూ తెలుసు. ఆఫీసులో ఆ ఊసెత్తేవాళ్ళం కాదు. టీ తాగేటప్పుడు ఇద్దరం ఎవరి కప్పులోకి వాళ్ళం చూసుకునేవాళ్ళం. ఉండాలో పోవాలో తెలియని వాళ్ళు ఇళ్ళేం కొంటారు? టవర్‌కు మనుషుల రాక తగ్గింది. సగం అంతస్తులకు కిటికీలు బిగించకుండానే పని ఆపేశారు. ఆ బొక్కల్లోంచి గాలి దూరి వెళ్ళేటప్పుడు భవనమంతా ఈల వేసినట్టుండేది.

అలాంటి రోజుల్లో సాంపిల్ ఫ్లాట్ అమ్ముడుపోయింది. ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కొన్నాడు. "ఉన్నది ఉన్నట్టు కావాలన్నారండీ, కళ్ళజోడుతో సహా" అని సారు ఆశ్చర్యంగా చెప్పాడు. అతను వెంటనే ఆన్‌సైట్ పని మీద విదేశం వెళ్ళిపోయాడు. ఇంట్లో భార్య ఒక్కతే ఉంటుందని, ఏ కర్రను ఎలా తుడవాలో, ఏ గుడ్డను ఎలా ఉతకాలో ఆమెకు చెప్పి రమ్మని నన్ను పంపారు.

ముప్పై దాటిన మనిషి. ముఖం కళగా ఉంది గానీ తలుపు సగమే తెరిచి, ఆ ఇంటికి తనే అతిథి అయినట్టు చూసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. నేను ఒక్కొక్క గదీ తిప్పి చూపించాను. ఇది కలోనియల్, దీనికి తడిగుడ్డ వద్దు. ఇది టేకు, దీనికి నూనె పట్టించాలి. ఆమె నా వెనకాలే, గోడవారగా నడిచింది. చేతిలో ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు. నేను ఆగిన చోటల్లా స్టూలు వేసుకుని కూర్చునేది, కదిలితే తీసుకుని వచ్చేది.

"సోఫాలో కూర్చోండి మేడమ్" అన్నాను.

"పర్వాలేదులేమ్మా."

కేకు ముందు నవ్వుతున్న ఫొటో దగ్గర ఆగి అడిగింది. "వీళ్ళెవురు?"

"ఎవరూ కాదు. ఫ్రేముతో పాటు వస్తాయి. మీ ఫొటోలు పెట్టుకోండి."

"ఎవురో ఒకరు అయ్యుంటారు కదా" అంది. కొంచెంసేపు చూసి, "ఉండనీలే, అట్లే" అంది.

టేకు బల్ల సొరుగు బిగుసుకుందని రెండోసారి వెళ్ళాను. అప్పటికి ఆమె ఆ ఇంట్లో చేరి చాలా రోజులైంది. లోపల అడుగుపెట్టగానే ఏదో తేడా తెలిసింది. ఏమిటో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తేడా ఏమీ లేకపోవడమే తేడా. శాలువా నేను వేసిన మడతల్లోనే ఉంది. పుస్తకం అదే పేజీలో తెరిచి ఉంది. సోఫా మెత్తల మీద మనిషి కూర్చున్న గుంట లేదు. పడకగదిలో దుప్పటి నేను లాగి బిగించినట్టే ఉంది. వంట వాసన లేదు, అగరొత్తి వాసన లేదు, సబ్బు వాసన కూడా లేదు. దుమ్ము సైతం లేదు. మనిషి ఉంటున్న ఇల్లు అలా ఉండదు. పేపరో గ్లాసో దువ్వెనో, ఏదో ఒకటి చోటు తప్పి కనిపిస్తుంది. ఆమె తింటున్నది ఎక్కడ, పడుకుంటున్నది ఎక్కడ?

నేను సొరుగు బాగుచేస్తుంటే ఆమె స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఆ పాపది ఎడమ చెయ్యి వాటం."

"ఏ పాప?"

ఆమె చిన్న గది వైపు చూసింది. "పెన్సిళ్ళు ఎడమపక్క పెట్టుకుంటాది కదా. ఆయప్పకు దగ్గర చూపు ఆనదు, అద్దాలు లేకుంటే చదవలేడు. ఆమెకు చలి ఎక్కువ. ఎప్పుడూ శాలువా దగ్గర పెట్టుకుంటాది."

స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది. ఆమె చెప్పిందాంట్లో ఒక్క మాటా కల్పించింది కాదు. నేను పెట్టిన వస్తువులను చూసి, నేను ఊహించినట్టే మనుషులను ఊహించింది. ఆ శాలువా వేసేటప్పుడు చలి ఎక్కువైన ఒక ఆడమనిషి నా మనసులో నిజంగానే ఉంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా తలలోని మనిషి గురించి పక్కింటావిడ గురించి చెప్పినట్టు ఈమె చెప్తుంటే వినలేకపోయాను. సొరుగు సరిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడకుండా లేచాను.

తలుపు దాకా వచ్చి ఆమె అడిగింది. "నీది ఈడేనా ఊరు?"

"బోరబండ."

"రాష్ట్రం వేరైతే మమ్మల్ని పొమ్మంటారామ్మా?"

"ఎవరూ పొమ్మనరు మేడమ్. మీ ఇల్లు మీరు కొనుక్కున్నారు" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె తలూపింది, ఎవరో పరాయివాళ్ళ విషయం విన్నట్టు.

సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగిపోయి పగటిపూట గంటలకొద్దీ కరెంటు ఉండేది కాదు. బస్సుల్లేవు. హైటెక్ సిటీ రోడ్లు మధ్యాహ్నం కూడా ఖాళీగా, తుడిచి పెట్టినట్టు కనిపించేవి. ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. గొంతు మామూలు కంటే హుషారుగా ఉంది.

"రేపు రాగలవామ్మా? ఇంటోళ్ళు వస్తాండారు. నువ్వుంటే బాగుంటాది. అన్నీ నీకే తెలుసు కదా."

ఇంటివాళ్ళంటే భర్తో, అత్తమామలో అనుకున్నాను. రేపు బంద్ కదా, ఎలా వస్తారు అని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది. ఎందుకో నా మనసు ఒకచోట నిలవలేదు. వద్దు, బయట గొడవలున్నాయని నాన్న అంటున్నా వినకుండా మర్నాడు స్కూటీ తీసి సందుల్లోంచి వెళ్ళాను. ఒకచోట రోడ్డుకు అడ్డంగా టైర్లు పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్ళు ఆపారు.

"యాడికక్కా?"

"మణికొండకు. తెలిసినామె ఒక్కతే ఉంది. పానం బాగలేనట్టుంది."

"పో అక్కా. జర పైలం."

టవర్ కింద వాచ్‌మన్ కుర్చీ నీడలోకి జరుపుకుని కూర్చున్నాడు. పాలమూరు మనిషి. "పైకి సుట్టాలెవరన్న వచ్చిన్రా?" అనడిగాను. "ఎవ్వరు రాలే మేడం. పొద్దుగాల సంది నేనీడనే ఉన్న. బండి గిట్ల ఒక్కటి రాలే" అన్నాడు. కరెంటు లేక లిఫ్టు ఆగిపోయింది. మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఒక్కొక్క అంతస్తులో తలుపుల్లేని గుమ్మాలు, లోపల ఇసక కుప్పలు. గాలి ఈల వేస్తోంది. మధ్యమధ్యలో ఆగుతుంటే నా అడుగులు ఆగిన తర్వాత కూడా ఎక్కడో అడుగులు వినిపించినట్టయ్యేది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఎక్కాను.

తొమ్మిదో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. మొదటిసారి ఆ ఇంట్లోంచి వంట వాసన వచ్చింది. చిత్రాన్నం పోపు, ఓళిగలు కాల్చిన నెయ్యి. హమ్మయ్య అనుకున్నాను. చుట్టాలు వచ్చే ఉంటారు, వాచ్‌మన్ చూసుకోలేదేమో. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాను.

టేకు బల్ల మీద మూడు ప్లేట్లలోనూ వడ్డించి ఉంది. మూడు కుర్చీలూ బల్ల నుంచి కొంచెం వెనక్కి లాగి ఉన్నాయి, మనుషులు కూర్చుంటే ఉండేటంత. ఒక ప్లేటు పక్కన చెంచా ఎడమవైపు పెట్టి ఉంది. కుర్చీల్లో ఎవరూ లేరు. ఆమె పట్టుచీర కట్టుకుని, నీళ్ళ జగ్గు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా రామ్మా" అంది గుసగుసగా. "తింటాండారు."

ఆ క్షణంలో నేను ఆమెను చూడలేదు. కుర్చీలను చూశాను. బాల్కనీలోంచి గాలి వచ్చి ఒక రుమాలు అంచు లేచి పడింది. ఎవరో చెయ్యి తుడుచుకుని పెట్టినట్టు అనిపించింది. గోడ మీద కేకు ముందు కూర్చున్న ముగ్గురూ బల్ల వైపే చూస్తున్నారు. ఆ ఫొటో అక్కడ తగిలించింది నేనే. అయినా వాళ్ళకు అడ్డం వచ్చినట్టు ఒక అడుగు పక్కకు వేశాను. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోవాలనిపించింది.

ఆమె జగ్గు వంచి ఒక గ్లాసులో నీళ్ళు పోసింది. గ్లాసు నిండే ఉంది. నీళ్ళు పొంగి బల్ల మీద పారాయి. ఆమె గమనించలేదు. అప్పుడు ఆమె చేతులు చూశాను. మణికట్టు దగ్గర ఎముక పొడుచుకు వచ్చింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నేను మొదటిసారి వచ్చినప్పుడు ఆ చేతులు అలా లేవు.

"నువ్వు తిన్నవా అక్కా?" అన్నాను. అప్పటిదాకా మేడమ్ అనే పిలిచిన నాకు ఆ పిలుపు ఎలా వచ్చిందో తెలియదు.

"ఇంటోళ్ళు తిన్నాక తింటా."

వాళ్ళు లేరని చెప్పడం ఎలా? చెప్తే ఆమె ఏమైపోతుంది? దగ్గరగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర్చునేటప్పుడు ఒళ్ళంతా బిగుసుకుంది, ఎవరి ఒళ్ళోనో కూర్చుంటున్నట్టు. కుర్చీ మామూలుగానే గట్టిగా తగిలింది. ప్లేటులో చెయ్యి పెట్టి ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను.

ఆమె "అయ్యో" అంది. జగ్గు బల్ల మీద పెట్టేసింది.

"ఉప్పు లేదక్కా" అన్నాను.

"ఏమి?"

"చిత్రాన్నంల ఉప్పు లేదు. తిని సూడు."

ఆమె నా ముఖంలోకీ ప్లేటులోకీ మార్చి మార్చి చూసింది. తర్వాత నెమ్మదిగా వంగి, నా ప్లేటులోంచే నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. ముఖం మారిపోయింది. వంట చెడిన ఆడమనిషి ముఖం అది, అంత మామూలు ముఖం ఆమెకు ఉంటుందని నేననుకోలేదు. "మర్చిపోయినా" అంది. "ఉప్పు యెయ్యనేలేదు." అలా అంటూనే పక్క కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో చాలాసేపు అర్థం కాలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగి తెచ్చి, రెండు ప్లేట్లలో కలిపాను. ఇద్దరం తిన్నాం. మూడో ప్లేటు వైపు ఆమె ఒకటి రెండుసార్లు చూసింది. నేనూ చూశాను. తర్వాత దాన్ని తీసి వంటగదిలో పెట్టాను.

తిన్నాక ఆమె తను ఉంటున్న చోటు చూపించింది. వంటగది వెనక గిన్నెలు కడుక్కునే సన్నటి వరండా. ఒక చాప, ఒక కరెంటు పొయ్యి, ఒక సూట్‌కేసు. అక్కడే వండుకుని, అక్కడే తిని, అక్కడే పడుకునేది. భర్త వెళ్ళేముందు గట్టిగా చెప్పి వెళ్ళాడట, ఒక్క వస్తువు కూడా కదపొద్దని. పరిస్థితి ఎటు పోతుందో తెలియదు, రేపు ఊరు విడిచి వెళ్ళాల్సి వస్తే సాంపిల్ ఫ్లాట్‌ను సాంపిల్ ఫ్లాట్‌గానే అమ్మెయ్యొచ్చు, గీత పడితే ఎవరూ కొనరు అని.

"మా ఆయన తప్పేం కాదుమ్మా. భయపడినాడు" అంది. "మొదట్లో నేను కూడా అట్లే అనుకున్యా. సామాన్లు కాపాడతాండా అని. ఇంటో ఎవురూ పలికేటోళ్ళు లేరు, కింద చూస్తే ఎవురూ లేరు. టీవీ పెడితే కొట్లాటలు. కరెంటు పోతే ఒకటే నిశ్శబ్దం. ఇంగ దుమ్ము తుడిచేటప్పుడు ఆ ఫొటోలోళ్ళతో మాట్లాడేదాన్ని, ఊరికే. ఆ తర్వాత వాళ్ళే మాట్లాడినారు."

"ఏమని?"

"ఏముంది. తలుపు మెల్లగా వెయ్యి అంటారు. నీళ్ళు చిందించొద్దు అంటారు. మంచోళ్ళే. ఎప్పుడూ అరవలేదు."

ఆ సాయంత్రం ఆమెను నా స్కూటీ మీద ఎక్కించుకుని బోరబండ తీసుకొచ్చాను. అమ్మ ఏమీ అడగలేదు, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి పాలు కలిపి ఇచ్చింది. ఆమె ఆ వైరు కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని నిద్రపోయింది. రోడ్లు తెరుచుకున్నాక అమ్మే తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ మందులు రాసింది. ఒంటరిగా ఉంచొద్దంది. ఆ తర్వాత అమ్మ ఒకసారి ఆ ఫ్లాట్ చూడ్డానికి నాతో వచ్చి, గది గదికీ తిరిగి, పైట కొంగు దగ్గరికి లాక్కుంది. "గింత సక్కగ ఉంటె ఎవ్వలకైనా భయమే అయితది బిడ్డా" అంది. నా పని గురించి ఇన్నేళ్ళలో నేను విన్న వాటిలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట అది.

భర్త ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. సోఫా తీసేస్తానని ఆమె చెప్పింది. అవతల అతను గట్టిగా ఏదో అన్నాడు. ఆమె అంతా విని, "అది సరే, నేను యాడ కూర్చోవాల?" అని అడిగింది. చివరికి అతని గొంతు వినిపించింది, "నీ ఇష్టం" అని. కోపంగా అన్నట్టు లేదు. తనకూ ఆ ప్రశ్న కొత్తే అన్నట్టుంది.

"నీకేం కావాలక్కా? ఏ స్టైల్?" అన్నాను.

ఆమెకు స్టైళ్ళ పేర్లు నేను చెప్పినవన్నీ గుర్తున్నాయి. వాటిలో ఏదీ చెప్పలేదు. ప్రొద్దుటూరులో వాళ్ళ నాయనకు బట్టల కొట్టు ఉండేదట. కొట్టు నేలంతా తెల్ల పరుపు, గోడవార బాలీసులు. బడి నుంచి వచ్చి ఆ పరుపు మీదే బోర్లా పడుకుని హోంవర్కు చేసుకునేదట. కొత్త గుడ్డ గంజి వాసన, బజారు గోల. "అట్లా కావాల. కూర్చుంటే వీపుకు గోడ తగలాల" అంది.

సోఫాను సారు వెనక్కి తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు. హాలంతా పరుపు పరిపించి బాలీసులు కుట్టించాం. కొత్త గలీబులు తొడిగిన రోజునే ఆమె గోడలకున్న ఫొటోలు ఒక్కొక్కటే దించింది. దించిన ప్రతిదాన్నీ కొంగుతో తుడిచింది. "వీళ్ళను చెత్తలో యెయ్యొద్దుమ్మా" అంది. నేను వేయలేదు. కాగితాలు ఫ్రేముల్లోంచి తీసి, కవరులో పెట్టి ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ చూస్తుండగా చర్చి వెనక మట్టిలో పాతిపెట్టాను. అది అవసరమా అని నాకిప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం కాల్చడానికి గానీ చింపడానికి గానీ చెయ్యి రాలేదు.

ఊరి నుంచి వాళ్ళమ్మ వచ్చి తోడుగా ఉన్నా, అంతటితో అయిపోలేదు. ఆమె ఫోన్‌లో మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, "నిన్న ఒకసారి పిలిచినారు. నేను పలకలేదు" అనేది. కొన్నాళ్ళకు, "ఈ వారం ఒక్కసారి కూడా పిలవలేదు" అంది. గొంతులో కొంచెం దిగులు కూడా వినిపించింది. నేను ఓదార్చాలో సంతోషించాలో తెలియక, "తిన్నవా అక్కా?" అని అడిగాను. ఆ తర్వాత ఆమె మరి ఆ సంగతి ఎత్తలేదు.

తెలంగాణ వచ్చింది. మా వీధిలో ఆ రోజు రంగులు చల్లుకున్నాం. సారు ఆఫీసుకు స్వీట్లు తెప్పించి అందరికీ తనే పంచాడు. ఎవరూ ఎక్కడికీ పోలేదు. టవర్‌లో ఆగిపోయిన అంతస్తులకు కిటికీలు బిగించారు, బాల్కనీల్లో బట్టలు ఆరేశారు. ఆమె భర్త ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చాడు. మొదట్లో అతనికి కింద కూర్చోవడం రాక మోకాళ్ళు పట్టుకుని తిప్పలు పడ్డాడని ఆమె నవ్వుతూ చెప్పింది.

చివరిసారి ఆ ఇంటికి వెళ్ళింది పని మీద కాదు, ఊరికే చూసిపోదామని. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. హాల్లో టవర్‌లోని ఆడవాళ్ళు చాలామంది కూర్చుని ఉన్నారు. మధ్యలో తెల్ల పరుపు మీద ఆమె, చుట్టూ విప్పిన చీరల గుట్టలు. ప్రొద్దుటూరు నుంచి తెప్పించి ఇంట్లోనే అమ్ముతోందట. ఒకామె రంగు పోతుందేమో అంటే, "పోతే తెచ్చి నా మొగాన కొట్టు" అని అందరికీ వినపడేలా చెప్తోంది. బాలీసుల గలీబులు మాసిపోయి ఉన్నాయి, తలలు ఆనిన చోట గోడ మీద నూనె మరకలు. ఒక చీర మడత పెడుతూ తలెత్తి నన్ను చూసింది.

"ఏమ్మా, ఊరికే నిలబడినావు? కూర్చో" అంది.

చుట్టూ చూశాను. ఎక్కడా చోటు లేదు. ఒక పెద్దావిడ విసుక్కుంటూ మోకాలు పక్కకు జరిపింది. చీరల మధ్యలో ఆ కాస్త సందులో కూర్చున్నాను.